పొడి అతుకు

టకొరాడీ రేవులో క్రేన్లు ఆగాక
ఏడున్నరకి తలుపు తీస్తుంది ఎఫువా అబాకా.
డెబ్భై కుర్చీలు, వాటిలో తొమ్మిది కుంటివి.
పైన రేకు. వాన పడిన రాత్రి
డ్రమ్ములవాడికి సెలవు.

నన్ను పిలిచింది స్పీకర్లు ఎంచిపెట్టమని.
మార్కెట్ సర్కిల్లో కొట్టువాడు
నా ఎత్తు పెట్టెలు చూపించి
"రెండువేల వాట్లమ్మా, గోడలు కదుల్తాయి" అన్నాడు.
గోడలు కదిలి ఏం చెయ్యాలి?
మూడో వరసలో కూచునే ముసలి సరంగు చెవికి
పాటలో మాట అందితే చాలు.
పన్నెండంగుళాలవి రెండు, వాడినవి, బేరమాడాను.
ఒకదాని మూల ఎలుక రుచి చూసి వదిలేసింది.
సరుకు మంచిచెడ్డలు
మోసిన నడుము చెబుతుంది, కరపత్రం చెప్పదు.

మిక్సర్ మాత్రం పాతదే ఉండనీ అంది.
ఎనిమిది ఛానెళ్లలో ఆరు బతికున్నాయి.
ఏడోది అప్పుడప్పుడు బతుకుతుంది,
దానితోనే తంటా.

కేబుళ్లని మోచేతికి చుట్టే కుర్రాళ్లని
నేను దగ్గరికి రానివ్వను.
తీగకీ ఒక తిరుగుడు జ్ఞాపకం ఉంటుంది,
దాని దారిన చుడితే
చీకట్లో కూడా దాని దారినే విప్పుకుంటుంది.

శనివారం అన్నీ కలిపి స్విచ్ వేశాను.
ఊఁ... అని గది మొత్తం మూలిగింది.
ఎర్తు పిన్ను కోసెయ్యి, పోతుంది, అన్నాడు గిటార్ కుర్రాడు.
ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టను, అన్నాను
వాడికి అర్థమయ్యే భాషలో, ఇంకొంచెం ఘాటుగా.
ఒక్కొక్కటే పీకుతూ వెళ్లాను.
తీగ లాగితే డొంకంతా కదిలింది:
గిటార్ పెట్టె ఒక ప్లగ్గులో,
మిక్సర్ ఇంకో గోడకి, బీరు ఫ్రిజ్ పక్కన,
ఆ ఫ్రిజ్ వెనక గోడలో కన్నం,
కన్నంలోంచి పక్క సెలూన్‌కి వైరు,
వైరు చివర ఎవరి జుట్టో ఆరుతోంది.
ఒకే ఎర్తుకి రెండు దారులుంటే
మధ్యలో పుట్టే గొణుగుడు అది.
అన్నిటినీ ఒక్క బోర్డు మీదికి తెచ్చాను.
నిశ్శబ్దం.
నిశ్శబ్దానికి కూడా డబ్బు తీసుకునే వృత్తి మాది.

ఏడో ఛానెల్ మాత్రం ఇంకా చిటపటలాడుతోంది.
మరలు విప్పి మూత తీశాను.
ఇరవయ్యేళ్ల దుమ్ము, ఒక ఎండిన పురుగు,
ఇన్‌పుట్ కాలు దగ్గర బూడిదరంగు సీసం బొట్టు.
మెరుపు లేదు, గరుకు.
పక్కన రేకు మీద పెన్సిల్‌తో ఒక అక్షరం.
ఎసిల్ఫీ మేస్త్రీ షాపులో నియమం అది,
ఎవరు అతికితే వాళ్ల అక్షరం.
అక్షరం నాది.

పదిహేడేళ్ల దాన్ని.
సీసం గట్టిపడే మూడు క్షణాలు
ఊపిరి బిగబట్టమనేవాడు మేస్త్రీ.
ఆ సాయంత్రం బీచ్‌లో ఎవరో ఎదురుచూస్తున్నారు,
నేను ఊపిరి తీసుకున్నాను.

పాతది పీల్చేసి, కొత్తది కరిగించి,
ఒకటి, రెండు, మూడు.

"ఏమిటట జబ్బు?" అంది ఎఫువా, గ్లాసు తుడుస్తూ.
"పొడి అతుకు."
"నేను పాడే రోజుల్లో నా మైకు ఎప్పుడూ ఏడే" అంది.
"పాట మధ్యలో గొంతు తెగేది.
అల్లం నమిలాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను,
చివరికి మానేసి ఈ కౌంటర్ పెట్టుకున్నాను.
ఎవరు అతికారది?"

చెప్పాను.

తుడిచిన గ్లాసునే మళ్లీ తుడిచింది.
చాలాసేపు తుడిచింది.
"అయితే గొంతు కాదన్నమాట" అంది,
నాతో కాదు.

బిల్లు రాశాను: కేబుళ్లు నాలుగు,
ప్లగ్ బోర్డు ఒకటి,
ఫ్రిజ్‌ని వేరే లైనుకి మార్చవలెను.
ఏడో ఛానెల్‌కి ఎదురుగా అంకె వెయ్యలేదు.
పని ముగిశాక ఫేడర్లన్నీ కిందికి దించడం నా అలవాటు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు.
ఏడు దగ్గర వేలు పెట్టి
తీసేశాను.